రొయ్యల పేపరు పోయాక దొరికిన డీఓఏజే

పరిశోధనా జర్నళ్ల జాబితా సైటు డీఓఏజేకి నేనిచ్చేది ఐదుకి నాలుగు స్టార్లు. తగ్గిన ఆ ఒక్కటీ ఎందుకో తర్వాత చెబుతాను, ముందు నా రొయ్యల పరిశోధనా పేపరు సంగతి.

నేను డిగ్రీ కాలేజీలో జువాలజీ చెబుతాను. పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ కోసం రెండేళ్లు భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువుల గట్లు పట్టుకుని తిరిగాను. సీసాల్లో నీళ్లు పట్టుకొచ్చి అమ్మోనియా కొలవడమే పని. అది 2017. థీసిస్ ఇవ్వాలంటే ముందు పేపరు అచ్చయి ఉండాలి. 2022 నిబంధనల్లో యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) ఆ షరతు తీసేసింది గానీ, అప్పట్లో నాకు అదే పెద్ద టెన్షన్. సరిగ్గా ఆ సమయంలో ‘గ్రీటింగ్స్ ఆఫ్ ది డే’ అంటూ ఒక జర్నల్ నుంచి మెయిలొచ్చింది. పంపాను. మూడో రోజుకల్లా ఓకే అన్నారు. పేపరు బాగోగులు చూడాల్సిన రివ్యూయర్ రాసింది మొత్తం రెండు ముక్కలు: ‘గుడ్ పేపర్’. రూ. 3,500 కట్టాను. తీరా చూస్తే టైటిల్‌లో ‘ష్రింప్’ కాస్తా ‘ష్రింక్’ అయి కూర్చుంది. సరిచేయమని నాలుగు మెయిళ్లు పెట్టాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు.

మా గైడ్ గారికి చూపిస్తే, “ఏమ్మా, ఆ ఎడిటోరియల్ బోర్డులో ఒక్కరినైనా అడిగి చూశావా?” అన్నారు. అప్పుడు అడిగాను. బోర్డులో ఉన్న ఒక ప్రొఫెసర్‌కి తన పేరు అక్కడ ఉందన్న సంగతే తెలియదు. సరే, పేపరు వెనక్కి తీసుకుంటానంటే వంద డాలర్లు విత్‌డ్రాయల్ ఫీజు అడిగారు. వేయడానికీ డబ్బే, తీయడానికీ డబ్బే. పోనీ మంచి జర్నల్‌కి పంపుదామంటే, అదే డేటా రెండుసార్లు అచ్చేయడం తప్పు. రెండేళ్ల నీళ్ల లెక్కలు అలా ఇరుక్కుపోయాయి. ఇంకో ఏడాదిన్నరకి ఆ సైటే మాయమైంది. థీసిస్‌కి వేరే డేటాతో వేరే పేపరు రాసుకున్నాను. నా బయోడేటాలో మొదటిది ఇప్పటికీ పెట్టను.

అప్పుడు గైడ్ గారు చెప్పిన సైటే ఈ డీఓఏజే. పూర్తి పేరు డైరెక్టరీ ఆఫ్ ఓపెన్ యాక్సెస్ జర్నల్స్, అంటే ఎవరైనా ఉచితంగా చదవగలిగే జర్నళ్లని పరిశీలించి చేర్చే జాబితా. స్వీడన్‌లోని లుండ్ యూనివర్సిటీలో 2003లో 300 జర్నళ్లతో మొదలైంది, ఇప్పుడు 20 వేలు దాటాయి. డబ్బు కట్టక్కర్లేదు, లాగిన్ కూడా అక్కర్లేదు.

నేను జర్నల్ పేరు కొట్టి వెతకను, ప్రతి జర్నల్‌కీ ఉండే ఎనిమిదంకెల గుర్తింపు నంబరు, ఐఎస్ఎస్ఎన్, కొడతాను. ఒకే పేరుతో పది ఉంటాయి మరి. దొరికితే, అక్కడున్న లింకు నొక్కే జర్నల్ సైటుకి వెళ్తాను. అసలు జర్నల్ పేరూ నంబరూ రెండూ ఎత్తుకుపోయి నకిలీ సైట్లు నడిపేవాళ్లున్నారు కాబట్టి గూగుల్ మీద నాకు నమ్మకం లేదు. ఫీజు ఎంత, పేపరు ఎలా పరిశీలిస్తారు, కాపీ కొట్టారో లేదో చూస్తారా, అన్నీ ఒకే పేజీలో ఉంటాయి. వాటిలో నాకు బాగా నచ్చింది, పేపరు ఇచ్చిన దగ్గర్నుంచి అచ్చయ్యే దాకా సగటున ఎన్ని వారాలు పడుతుందో చెప్పే లైను. పేపరు వేయిస్తానంటూ వాట్సాప్‌లో మెసేజీలు పెట్టే ఏజెంట్ ఏడు రోజులంటాడు, ఇక్కడ పదహారో ఇరవయ్యో వారాలని ఉంటుంది. ఫీజు లేని జర్నళ్లు మాత్రమే చూపించమని అడగొచ్చు కూడా. అలాగని ఫీజు ఉంటే మోసమని కాదు. పేరున్న జర్నల్ నేచర్‌లోనే ఓపెన్ యాక్సెస్‌కి 9,500 యూరోలని 2020లోనే ప్రకటించారు. మనకు అందదు, అంతే.

ఈ జాబితా మొదట్నుంచీ ఇంత గట్టిగా లేదు. 2013లో జాన్ బోహానన్ అనే విలేకరి, లైకెన్‌లోని పదార్థం క్యాన్సర్ కణాల్ని ఆపుతుందంటూ తప్పులతడక పేపరొకటి కావాలనే తయారుచేసి, ఎవరు పట్టుకుంటారో చూద్దామని 304 జర్నళ్లకి పంపాడు. 157 ఒప్పేసుకున్నాయి. వాటిలో డీఓఏజేలో ఉన్నవీ ఉన్నాయి. ఆ మరుసటి ఏడాది నిబంధనలు బిగించి, ఉన్నవాళ్లందరినీ మళ్లీ దరఖాస్తు చేసుకోమన్నారు. సరిగ్గా చేయని సుమారు 3,300 జర్నళ్లని 2016 మేలో తీసేశారు. ఇప్పటికీ దేన్ని తీసేశారో, ఎందుకు తీసేశారో షీటులో పెడతారు. నేను అప్పుడప్పుడు ఆ షీటు చదువుతుంటాను, కాలక్షేపానికి.

ఈ దందాలో మన ఊళ్ల పేరూ ఉందని చెప్పడానికి సిగ్గుగానే ఉంది. హైదరాబాద్‌కి చెందిన జర్నళ్ల ప్రచురణ సంస్థ ఒమిక్స్ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ వేసిన కేసులో, 2019లో అక్కడి కోర్టు 5.01 కోట్ల డాలర్లు కట్టమంది.

ఇక తగ్గిన స్టారు. ఇందులో ఓపెన్ యాక్సెస్ జర్నళ్లే ఉంటాయి. రచయిత దగ్గర పైసా తీసుకోని మంచి చందా జర్నళ్లు కనపడవు. కాబట్టి ఇక్కడ లేదంటే దొంగదని కాదు. ఉన్నంత మాత్రాన గొప్పదనీ కాదు, దాంట్లో వచ్చిన నాలుగు పేపర్లు మనమే చదివి చూసుకోవాలి. ఇంపాక్ట్ ఫ్యాక్టర్, అంటే ఒక జర్నల్ పేపర్లని సగటున ఎంతమంది ఉదహరిస్తున్నారో చెప్పే లెక్క, చూపించరు. నాకు అది మంచిదే అనిపిస్తుంది గానీ ప్రమోషన్ కమిటీ వాళ్లు ముందు అడిగేది అదే.

మొన్న మా స్టూడెంట్ ఒకమ్మాయి మెసేజ్ ఫార్వర్డ్ చేసింది. “మేడమ్, యూజీసీ కేర్ అప్రూవ్డ్ అట, స్కోపస్ కూడా అట, వారంలో వేస్తారట, ఎనిమిది వేలే.” కేర్ అంటే యూజీసీ ఆమోదించిన జర్నళ్ల లిస్టు, దాన్నే యూజీసీ 2025 ఫిబ్రవరిలో ఆపేసింది, వీళ్లింకా ఆ బోర్డు దించలేదు. డీఓఏజేలో ఐఎస్ఎస్ఎన్ కొడితే ఏమీ రాలేదు. స్కోపస్ అనేది పరిశోధనా పేపర్ల డేటాబేస్, వాళ్ల జర్నళ్ల జాబితా కూడా ఉచితంగానే చూడొచ్చు. అందులో ఆ జర్నల్‌ని ఎప్పుడో తీసేసినట్టుంది. ఇద్దరం కూర్చుని ఫీజు లేనిదొకటి ఏరి పంపాం. పదకొండు వారాలకి మూడు పేజీల ప్రశ్నలొచ్చాయి. తెల్లవారుజామున ఆక్సిజన్ రీడింగులు ఎందుకు తీసుకోలేదని రెండో రివ్యూయర్ అడిగారు. ఈ వారమంతా ఆ అమ్మాయి నాలుగింటికే లేచి చెరువు దగ్గరికి వెళ్తోంది.