ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్: ఆడితే బాగానే ఉంది, మరి కొనరెందుకు?

టీవీకి తగిలించి గేములు ఆడుకునే మైక్రోసాఫ్ట్ వాళ్ల బాక్స్ ఇది. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీలో సెకండ్ హ్యాండ్‌ది తీసుకుని నాలుగు నెలలైంది. షాపతను కవర్‌లో పెడుతూ "అన్నా, మాల్ మంచిదే గానీ అడిగెటోడే లేడు. పిల్లలొస్తరు, దీంట్ల స్పైడర్‌మ్యాన్ గేమ్ వస్తదా అంటరు, రాదంటే పోతరు" అన్నాడు. అమ్మేవాడే ఇలా అంటున్నాడంటే ఏదో తేడా ఉందనుకున్నా, ఇంటికొచ్చి పెడితే ఏ తేడా లేదు. తెల్ల డబ్బా, షెల్ఫులో పుస్తకాల పక్కన ఇమిడిపోతుంది, ఫ్యాన్ తిరుగుతోందా లేదా అని చెవి పెట్టి వినాలి. పైన నల్లటి గుండ్రటి జాలీ చూసి మా అమ్మ స్పీకర్ అనుకుని పాటలు పెట్టమంది.

అసలు సంగతి ఏంటంటే దీనికి డిస్క్ పెట్టే చోటే లేదు. మన దగ్గర కొత్త పెద్ద గేమ్ అంటే నాలుగైదు వేలు. దీనికి పోటీగా సోనీ అమ్మే ప్లేస్టేషన్, అదీ డిస్క్ పెట్టేది ఉన్నవాళ్లేం చేస్తారు, కొంటారు, ఆడేస్తారు, ఫ్రెండ్‌కో షాపుకో ఇచ్చేసి సగమన్నా వెనక్కి రాబట్టుకుంటారు. ఒక్క డిస్క్ కూకట్‌పల్లి హాస్టల్లో అన్ని రూములూ తిరిగొస్తుంది. ఇందులో డౌన్‌లోడ్ చేసిందేదైనా నీతోనే ఉంటుంది, అమ్ముకోలేవు.

దానికి మందు గేమ్ పాస్ అన్నారు, అంటే నెల నెలా డబ్బు కట్టి బోలెడు గేములు ఆడుకోవడం, నిజంగానే మంచి మందు. కానీ 2025 అక్టోబర్‌లో దాని పెద్ద ప్లాన్ అల్టిమేట్ నెలకు 829 నుంచి 1,389కి పోయింది. ఆ లెక్కన ఏడాదికి 16,668 రూపాయలు. 2020లో ఈ బాక్స్ 34,990కి వచ్చిందని గుర్తు చేసుకుంటే, రెండేళ్లు పాస్ కట్టే డబ్బుకి దాదాపు ఇంకో బాక్స్ వస్తుంది!

స్టోరేజ్ 512 జీబీ అని రాస్తారు, మన చేతికొచ్చేది 364. హార్డ్ డిస్క్ తగిలించొచ్చు గానీ కొత్త గేములు అందులో దాచుకోవడానికే, ఆడాలంటే మళ్లీ లోపలికి కాపీ చేసుకోవాలి.

ఇవన్నీ భరించినా, కంపెనీయే తన సరుకు పక్కింటికి పంపుతుంటే ఎవడేం చేస్తాడు? ఫోర్జా హొరైజన్ 5 అనే కార్ రేసుల గేమ్ కోసం ఎక్స్‌బాక్స్ కొన్నవాళ్లున్నారు, అది 2025 ఏప్రిల్‌లో ప్లేస్టేషన్ 5కి వెళ్లిపోయింది. మన మెస్ బిర్యానీ ఎదురు మెస్‌లోనూ దొరుకుతుంటే, అక్కడ అదనంగా హలీమ్ కూడా ఉంటే, జనం ఎటు పోతారు? పైగా బాల్డర్స్ గేట్ 3 లాంటి పెద్ద గేమ్, ఈ చిన్న బాక్స్‌లో స్ప్లిట్ స్క్రీన్ (ఒకే టీవీని సగం సగం చేసుకుని ఇద్దరు ఆడటం) నడవక, పెద్ద మోడల్‌తో కలిపి ఎక్స్‌బాక్స్‌కి మొత్తానికే ప్లేస్టేషన్ కన్నా మూడు నెలలు లేటుగా వచ్చింది. ఎన్ని అమ్ముడయ్యాయో చెప్పడం మైక్రోసాఫ్ట్ 2015లోనే మానేసింది, ఊరికే మానలేదు కదా.

నేనైతే దీన్ని అమ్ముకోను. ఒక్కణ్నే ఆడుకుంటా, ఆఫీసు నుంచి వచ్చి ఆన్ చేస్తే రాత్రి ఎక్కడ ఆపానో అక్కడే మొదలవుతుంది, నాకది చాలు. మీ ఫ్రెండ్స్ అందరి దగ్గరా ప్లేస్టేషన్ ఉంటే మాత్రం దీని జోలికి రాకండి. మా బావ పాత ఎక్స్‌బాక్స్ వన్ డిస్కులు ఆరు పట్టుకొచ్చి, బాక్స్ చుట్టూ వేలు పెట్టి వెతికి, నా మొహం చూసి అక్కడే వదిలేసి వెళ్లాడు. ఇప్పుడు వాటి మీద టీ కప్పులు పెట్టుకుంటున్నాం.