ట్రయంఫ్ స్పీడ్ 400, కేటీఎం 390 డ్యూక్: ఎవరికి ఏది సరిపోతుంది?

రెండు బళ్లూ పుణె దగ్గర చాకన్‌లో బజాజ్ ఫ్యాక్టరీల నుంచే వస్తాయి. రెండింటిలోనూ లిక్విడ్ కూలింగ్ ఉన్న సింగిల్ సిలిండర్ ఇంజనే. బోరు (సిలిండర్ లోపలి వెడల్పు) 89 మి.మీ., స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 64 మి.మీ., ఆ కొలతలు కూడా ఒకటే. కానీ ఇంజన్ల డిజైన్ వేరు, ట్యూనింగ్ వేరు. ఒకదాని మీద నుంచి దిగి రెండోదాని మీద కూర్చుంటే ఆ తేడా మొదటి సిగ్నల్ దాటేలోపే తెలిసిపోతుంది.

కాగితం మీద డ్యూక్‌దే పైచేయి. డ్యూక్ 8,500 ఆర్‌పీఎం (ఇంజను నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర 46 పీఎస్ పవరు ఇస్తే, స్పీడ్ 400 బండి 8,000 దగ్గర 40 ఇస్తుంది. టార్కు, అంటే లాగే బలం, డ్యూక్‌కు 39 న్యూటన్ మీటర్లు, స్పీడ్‌కు 37.5, రెండూ 6,500 ఆర్‌పీఎం దగ్గరే. బరువులో డ్యూక్ సుమారు 168 కిలోలు, 2023లో వచ్చిన స్పీడ్ 176. ఈ అంకెలు చూసి డ్యూక్ బుక్ చేసేవాళ్లు చాలామంది. అయితే మనం రోజూ బండిని ఎన్ని ఆర్‌పీఎంల దగ్గర నడుపుతామో ఆ పట్టికలో ఉండదు. అసలు తేల్చుకోవాల్సింది అదే.

అమీర్‌పేట నుంచి పంజాగుట్ట వైపు సాయంత్రం ఆరింటికి వెళ్లే బండి ఎక్కువసేపు రెండో గేరులో, 2,500 నుంచి 4,500 ఆర్‌పీఎం మధ్యే తిరుగుతుంది. స్పీడ్‌కు అక్కడే బలం ఎక్కువ. గేరు దించకుండా యాక్సిలరేటర్ కొంచెం తిప్పినా గొణగకుండా లాగుతుంది. డ్యూక్ అదే చోట కుదుపుగా నడుస్తుంది. మూడున్నర వేల కిందికి పడితే చైను టకటకలాడుతుంది, ఎడమ చేయి క్లచ్ వదలదు. రేడియేటర్ ఫ్యాన్ తిరిగినప్పుడల్లా వేడి గాలి కాళ్లకు తగులుతుంది. 6,000 దాటిందంటే మాత్రం డ్యూక్ వేరే బండి. అక్కడి నుంచి లిమిటర్ (ఇంజను ఇక అంతకుమించి తిరగకుండా ఆపే హద్దు) దాకా ఒకే ఊపున లాగుతుంది, స్పీడ్ దాన్ని అందుకోలేదు. గేరు పైకీ కిందికీ క్లచ్ లేకుండా మార్చే క్విక్‌షిఫ్టర్ కూడా ఆ పరుగులోనే సాఫీగా పనిచేస్తుంది. ట్రాఫిక్‌లో తక్కువ ఆర్‌పీఎం దగ్గర దాన్ని వాడితే గేరు తన్నుకుంటూ పడుతుంది. ఊళ్లో క్లచ్ పట్టి మార్చడమే గేరుబాక్సుకు మంచిది.

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్ఆర్) మెయిన్ రోడ్డు మీదికి టూవీలర్లను రానివ్వరు. కాబట్టి హైవే అంటే విజయవాడ దారో, నాగపూర్ దారో అనుకోండి. గంటకు 80 నుంచి 100 కి.మీ. మధ్య స్పీడ్ 400 హాయిగా పోతుంది. వంద దాటాక, 6,500 ఆర్‌పీఎం పైన, హ్యాండిల్‌బార్ లోంచి, ఫుట్‌పెగ్‌ల లోంచి సన్నని వైబ్రేషన్ మొదలవుతుంది. గంటసేపు అలాగే నడిపితే అరచేతులు తిమ్మిరెక్కుతాయి. బార్ చివర బరువైన ఎండ్ వెయిట్లు, మెత్తటి గ్రిప్పులు వేస్తే కొంత తగ్గుతుంది, పూర్తిగా పోదు. డ్యూక్‌లోనూ వైబ్రేషన్ ఉంది, కానీ అది ఇంకా పై వేగాల్లో మొదలవుతుంది. రెండింటికీ ముందు అద్దం లేదు, గాలి నేరుగా ఛాతీకి కొడుతుంది. రోజుకు 400 కి.మీ. కొట్టే ఆలోచన ఉంటే చిన్న విండ్‌స్క్రీన్ తప్పదు. ట్యాంకు స్పీడ్‌కు 13 లీటర్లు, డ్యూక్‌కు 15. లీటరుకు 28 కి.మీ. వస్తుందని లెక్క వేసినా, ఒక ఫుల్ ట్యాంకుకు డ్యూక్ 56 కి.మీ. ఎక్కువ పోతుంది.

సస్పెన్షన్ గురించి కొంచెం నిలబడి మాట్లాడుకోవాలి. డ్యూక్‌కు అడిగిన అదనపు డబ్బులో పెద్ద వాటా ఇక్కడే ఉంది. ముందు ఫోర్కులు (ముందు చక్రాన్ని పట్టుకునే సస్పెన్షన్ గొట్టాలు) రెండింటికీ 43 మి.మీ.వే. స్పీడ్ ఫోర్కుల్లో మార్చుకునేది ఏమీ లేదు, వెనక షాక్‌కు ప్రీలోడ్ (స్ప్రింగు బిగువు) ఒక్కటే ఉంది. డ్యూక్ ఫోర్కుల పైన ఒక కాలికి కంప్రెషన్ (సస్పెన్షన్ కుంగే వేగం), ఇంకో కాలికి రీబౌండ్ (అది తిరిగి లేచే వేగం) నాబ్ ఉంటాయి, ఒక్కోదానికి 5 క్లిక్కులు. వెనక ప్రీలోడ్, రీబౌండ్ రెండూ మార్చుకోవచ్చు. పద్ధతి ఇదీ: నాబ్‌ను కుడివైపు చివరిదాకా మెల్లగా తిప్పండి. ఆగిన చోట బలవంతం చేయొద్దు, లోపలి వాల్వు సీటు దెబ్బతింటుంది. అక్కడి నుంచి వెనక్కి క్లిక్కులు లెక్కపెట్టి మధ్యలో ఉంచండి. తర్వాత మీకు బాగా తెలిసిన ఒక గతుకుల రోడ్డు మీద రెండు కి.మీ. నడపండి. చిన్న గుంతకే చేతులకు దెబ్బ తగిలితే కంప్రెషన్ ఒక క్లిక్ వదలండి. గుంత దాటాక ముందు భాగం రెండోసారి కూడా ఊగితే రీబౌండ్ ఒక క్లిక్ బిగించండి. రెండూ ఒకేసారి మార్చొద్దు, ఏది పనిచేసిందో తెలియదు. ఈ ఓపిక ఉన్నవాళ్లకు శ్రీశైలం ఘాట్‌లో డ్యూక్ ఇచ్చే నమ్మకం స్పీడ్ ఇవ్వలేదు. ఆ నాబ్‌లను కొన్న రోజు నుంచి ముట్టుకోనివాళ్లకు ఆ డబ్బు వృథా.

బ్రేకుల్లోనూ డ్యూక్ ముందుంది. ముందు డిస్కు 320 మి.మీ., స్పీడ్‌ది 300. స్పీడ్ ఆగుతుంది, అందులో అనుమానం లేదు. కానీ లివర్ నొక్కిన మొదటి క్షణంలో పట్టు మెత్తగా ఉంటుంది, రెండు వేళ్లతో గట్టిగానే పట్టాలి. అంతకంటే ముఖ్యమైన తేడా ఏబీఎస్‌లో, అంటే బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటులో ఉంది. డ్యూక్‌ది బండి ఎంత వాలిందో కనిపెట్టి పనిచేసే కార్నరింగ్ ఏబీఎస్. తడి రోడ్డు మీద మలుపులో ఉండగా ఎదురుగా గేదె వస్తే దాని విలువ తెలుస్తుంది. స్పీడ్‌లో రెండు చక్రాలకూ పనిచేసే మామూలు డ్యూయల్ ఛానల్ ఏబీఎస్, ఆపేసుకోగల ట్రాక్షన్ కంట్రోల్ (వెనక చక్రం జారకుండా చూసేది) ఉన్నాయి. డ్యూక్‌లో సూపర్‌మోటో మోడ్ అని ఒకటి కనిపిస్తుంది. అది వెనక చక్రం ఏబీఎస్ ఆపేస్తుంది. మట్టిలో ఆడుకోవడానికి తప్ప రోడ్డు మీద దాంతో పనిలేదు.

సీటు ఎత్తు స్పీడ్‌కు మొదట 790 మి.మీ. ఉండేది. 2025 మోడల్ స్పీడ్‌లో సీటు ఫోమ్ 10 మి.మీ. మందం చేశారు, టైర్ల ప్రొఫైల్ కూడా పెంచారు, కాబట్టి పాత అంకె పట్టుకుని కూర్చోకండి, వెళ్లి కాళ్లు ఆనించి చూడండి.  వెనక కూర్చునేవాళ్లకు రెండూ గొప్పవేం కావు, కానీ డ్యూక్ వెనక సీటు చిన్నది, ఎత్తుగా ఉంటుంది. ఇంట్లో రోజూ ఒకరిని వెనక ఎక్కించుకోవాల్సిన వాళ్లకు ఈ ఒక్క మాట చాలు.

ధర సంగతి. 2023లో వచ్చినప్పుడు స్పీడ్ 2.33 లక్షలు, డ్యూక్ 3.11 లక్షలు, రెండూ ఎక్స్‌షోరూమ్ (లైఫ్ ట్యాక్స్, బీమా కలపకముందు ధర). 2025లో డ్యూక్ ధర 2.95 లక్షలకు తగ్గించారు. లైఫ్ ట్యాక్స్ బండి ధర మీద శాతంగా కడతాం కాబట్టి ఆన్‌రోడ్‌కు వచ్చేసరికి ఈ తేడా ఇంకా పెరుగుతుంది. రెండూ 350 సి.సి. దాటినవే, కాబట్టి 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ స్లాబు 40 శాతమే. థర్డ్ పార్టీ బీమా కూడా సమానమే: 2022లో నిర్ణయించిన రేటు ప్రకారం కొత్త బండికి అయిదేళ్లకు 15,117 రూపాయలు, జీఎస్టీ అదనం. కొటేషన్‌లో బీమా అంతకంటే బాగా ఎక్కువగా కనిపిస్తే మిగతాది ఓన్ డ్యామేజ్ (మీ బండికి జరిగే నష్టానికి), యాడ్‌ఆన్‌లది. వాటిని విడిగా రాసిమ్మని అడగండి. బీమా బయట కూడా తీసుకోవచ్చు.

షోరూములో స్పీడ్ టీ4 అని ఇంకో బండి కనిపిస్తుంది. పేరు దగ్గరగా ఉందని, ధర తక్కువని దాన్నే స్పీడ్ 400 అనుకోవద్దు. దాని పవరు 31 పీఎస్, ముందు మామూలు టెలిస్కోపిక్ ఫోర్కులు. పూర్తిగా ఊళ్లో తిరగడానికైతే అదీ మంచి బండే.

సర్వీసు విషయంలో స్పీడ్‌కు మొదటిది 1,000 కి.మీ.కి, ఆ తర్వాత 16,000 కి.మీ. లేదా ఏడాది, ఏది ముందైతే అది. మధ్యలో ఆయిల్ లెవెల్ చూసే పని మాత్రం మీదే: బండి నిటారుగా నిలబెట్టి నెలకోసారి చూడండి. చైను ప్రతి 500 కి.మీ.కి, వాన పడ్డ రోజైతే ఆ సాయంత్రమే, తుడిచి లూబ్ వేయాలి. 390 డ్యూక్ 2013 నుంచి ఇక్కడ ఉంది కాబట్టి జిల్లా కేంద్రాల్లో కూడా దాని మీద చేయి తిరిగిన మెకానిక్‌లు దొరుకుతారు. అయితే వాళ్లు ఎరిగింది పాత 373 సి.సి. ఇంజను. ఇప్పటిది పూర్తిగా కొత్తది, పాత ఇంజను స్పేర్లు దీనికి రావు. సెకండ్ హ్యాండ్ డ్యూక్ చూసేవాళ్లు అది ఏ తరం బండో ఆర్‌సీలో సి.సి. చూసి రూఢి చేసుకోవాలి.

ఇంట్లో ఉండే ఒకే ఒక్క బండి, రోజూ ఆఫీసు, నెలకోసారి దూరం అంటే స్పీడ్ తీసుకోండి. మిగిలిన డబ్బులో మంచి హెల్మెట్, జాకెట్, బూట్లు వస్తాయి. వారం వారం ఘాట్ రోడ్డు ఎక్కేవాళ్లు, 7,000 పైన ఇంజను పాడే పాట కోసమే బండి కొనేవాళ్లు డ్యూక్ కోసం ఆగినా తప్పులేదు.

టెస్ట్ రైడ్ ఉదయం ఖాళీ రోడ్డు మీద కాకుండా సాయంత్రం ట్రాఫిక్‌లో అడగండి, రోజూ వెనక కూర్చునే మనిషిని కూడా తీసుకెళ్లండి. డెలివరీ రోజు ఛాసిస్ నంబరులో పదో అక్షరం తయారీ ఏడాది చెబుతుంది. టైరు పక్కన నాలుగంకెల్లో మొదటి రెండు వారం, చివరి రెండు ఏడాది. అవి ఆరు నెలలకంటే పాతవైతే డబ్బు కట్టకముందే వేరే బండి చూపించమనండి.