వేడినీళ్లా, చన్నీళ్లా: ఏవి ముందు గడ్డకడతాయి?

ఐసుముక్కలు త్వరగా కావాలంటే ట్రేలో మామూలు నీళ్లకన్నా వేడినీళ్లు పోయడమే మేలన్న మాటను కొట్టిపారేయడం తేలికే. 1 గ్రాము నీటిని 1 డిగ్రీ చల్లార్చడానికి 1 కెలోరీ, 0 డిగ్రీల దగ్గర గడ్డకట్టించడానికి 80 కెలోరీల వేడిని బయటికి లాగాలి. అంటే 30 డిగ్రీల నీటికి గ్రాముకు 110 కెలోరీలు పోవాలి, 90 డిగ్రీల నీటికి 170 పోవాలి. పైగా వేడినీళ్లు ఎంత వేగంగా చల్లారినా మధ్యలో 30 డిగ్రీలను దాటక తప్పదు కాబట్టి, అక్కడి నుంచి రెండింటికీ పట్టే సమయం ఒకటే కావాలి.

అయినా 1963లో టాంజానియాలో ఎరాస్టో ఎంపెంబా అనే బడిపిల్లవాడు, ఫ్రీజర్‌లో చోటు అయిపోతుందన్న తొందరలో, కాచిన చక్కెర పాలను చల్లారనివ్వకుండానే లోపల పెట్టాడు. గంటన్నర తర్వాత చూస్తే అతని పాలు ఐస్‌క్రీమ్‌గా గట్టిపడ్డాయి, పాలు కాచకుండా పెట్టిన తోటివాడివి ఇంకా చిక్కటి ద్రవంగానే ఉన్నాయి. ఉపాధ్యాయులు నమ్మకపోయినా ఆ కుర్రవాడు ప్రశ్నను వదల్లేదు. చివరకు డెనిస్ ఆస్‌బోర్న్ అనే ఆచార్యుడు దాన్ని పరీక్షకు పెట్టించాడు, 1969లో ఇద్దరూ కలిసి వ్యాసం ప్రచురించారు. ఆ పట్టుదలంటే నాకెంతో గౌరవం.

పై లెక్కలో లొసుగు ఎక్కడుందంటే, 90 నుంచి 30కి దిగివచ్చిన నీళ్లు మొదటి నుంచీ 30లో ఉన్న నీళ్లలాంటివే అనుకోవడంలో ఉంది. మూత లేని గిన్నెలో వేడినీళ్లు ఆవిరవుతూ తగ్గుతాయి. 90 డిగ్రీల నీరు కేవలం ఆవిరి వల్లనే 0కి చల్లారితే సుమారు ఏడో వంతు పోతుంది, గడ్డకట్టాల్సిన నీరే తక్కువవుతుంది. పాతరకం ఫ్రిజ్‌లలో అడుగున పేరుకున్న మంచు పొర దుప్పటిలా వేడిని ఆపుతుంది. వేడి గిన్నె దాన్ని కరిగించి చల్లని లోహానికి నేరుగా అతుక్కుంటుంది. ఇక నీళ్లు 0 డిగ్రీలకన్నా కిందికి దిగినా కొంతసేపు ద్రవంగానే ఉండిపోవచ్చు, ఏ గ్లాసు ఎంతసేపు అలా ఉంటుందో ముందుగా చెప్పలేం.

గెలుపు దేన్ని అంటామన్నది కూడా ముఖ్యం. స్టీలు గ్లాసును ఫ్రీజర్‌లోంచి తీసి వంచి చూడండి: పైన అద్దంలాంటి పలుచని పొర, దాని కింద కదులుతున్న నీళ్లు కనిపిస్తాయి. ఆ పొర కట్టిన క్షణాన్ని లెక్కపెట్టేవారికి ఒక జవాబు, అడుగుదాకా గట్టిపడ్డాక చూసేవారికి మరో జవాబు రావచ్చు. 2016లో బరిడ్జ్, లిండెన్ అనే పరిశోధకులు నీరు 0 డిగ్రీలకు చేరే సమయాన్ని జాగ్రత్తగా కొలిచి, వేడినీళ్లు ముందు చేరతాయనడానికి నమ్మదగిన ఆధారం దొరకలేదన్నారు. థర్మామీటరు ఎత్తు 1 సెంటీమీటరు తేడాపడినా లేని ప్రభావం ఉన్నట్టు కనిపించగలదని కూడా చూపారు.

అందుచేత నా మొగ్గు చన్నీళ్లవైపే. వేడినీళ్లు గెలవాలంటే మూత ఉండకూడదు, నీరు తగ్గినా ఫరవాలేదనుకోవాలి, అడుగున మంచు పేరుకుని ఉండాలి. ఇన్ని కలిసినా నమ్మకం లేదు. ఈలోగా ఆ వేడి ఫ్రీజర్‌లోని మిగతా పదార్థాలకూ తగులుతుంది, కంప్రెసర్ ఎక్కువసేపు తిరగాలి. మధ్యాహ్నం చుట్టాలొచ్చే వేళకు ఐసు కావాలంటే కుండలోని చల్లటి నీళ్లనే వెడల్పాటి స్టీలు పళ్లెంలో పలుచగా పోసి, ఫ్రీజర్ అడుగుకు బాగా ఆనేలా పెట్టండి.