బాల్టిమోర్‌లో గాడిద బిళ్ల: ఒక మంచి డీలరు, ఒక నకిలీ దుకాణం, ఒక హోటల్ బిల్లు

అమెరికా తూర్పు తీరంలో ఉంటూ పాత నాణేల మీద ఇష్టం ఉన్నవాళ్లు బాల్టిమోర్ కన్వెన్షన్ సెంటర్‌లో జరిగే నాణేల ప్రదర్శనకు తప్పకుండా వెళ్లండి. దారిలో కనిపించే పాత సామాన్ల దుకాణాల్లో మాత్రం ఒక్క రాగి బిళ్ల కూడా కొనకండి. ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది.

నేను వెతికేవి మామూలు నాణేలు కావు. 1830లలో అమెరికా రాజకీయ గొడవల్లో పుట్టిన వెక్కిరింపు బిళ్లలు. హార్డ్ టైమ్స్ టోకెన్లు అంటారు. అధ్యక్షుడు ఆండ్రూ జాక్సన్ 1832లో జాతీయ బ్యాంకు గడువు పొడిగించే బిల్లును వీటో చేశాడు. మరుసటి ఏడాది ప్రభుత్వ సొమ్మును ఆ బ్యాంకులో వేయడమే మాన్పించాడు. ఆయనంటే గిట్టనివాళ్లు ఊరుకుంటారా? ఒక చేత్తో కత్తి, ఇంకో చేత్తో డబ్బు సంచి పట్టుకుని ఇనప్పెట్టెలోంచి పైకి లేస్తున్నట్టు ఆయన బొమ్మను రాగి మీద కొట్టించారు. రెండోవైపు గాడిద. దాని ఒంటి మీద ఎల్ఎల్.డి. అనే అక్షరాలు. 1833లో హార్వర్డ్ ఆయనకిచ్చిన గౌరవ డాక్టరేట్ మీద విసురు అది.

1837 మేలో బ్యాంకులు నోట్లకు బదులు బంగారం, వెండి ఇవ్వడం ఆపేశాయి. జనం చిల్లర దాచేసుకున్నారు. అప్పటి పెద్ద సెంటు నాణెం సైజులోనే ఉండడంతో ఈ బిళ్లలే చిల్లరగా చేతులు మారాయి. దేశాధ్యక్షుణ్ణి తిట్టిన బిళ్ల ఇచ్చి మామూలు మనిషి సరుకులు తెచ్చుకున్నాడన్నమాట. ఆ సంగతి తెలిసినప్పటి నుంచీ వీటిని వదల్లేకపోతున్నాను.

న్యూజెర్సీ నుంచి కారులో బయల్దేరాం. మా ఆవిడ, కాకినాడ నుంచి వచ్చిన మామయ్యగారు, నేను. మామయ్యగారు బ్యాంకులో క్యాషియర్‌గా రిటైరయ్యారు. మేరీల్యాండ్‌లో హైవే దిగి ఒక పాత సామాన్ల దుకాణంలోకి వెళ్లాం. అద్దాల బీరువాలో 1837 బిళ్ల కనిపించింది. ఒకవైపు వీపు మీద ఖజానా పెట్టె మోస్తున్న తాబేలు, రెండోవైపు పరిగెడుతున్న గాడిద. గాడిద చుట్టూ ‘ఘనత వహించిన నా పూర్వాధికారి అడుగుజాడల్లో నడుస్తాను’ అనే అర్థం వచ్చే వాక్యం. ఇది జాక్సన్ తర్వాత గద్దెనెక్కిన వాన్ బ్యూరెన్ మీద. ధర చీటీ 165 డాలర్లు.

చేతిలోకి తీసుకోగానే అనుమానం వచ్చింది. అక్షరాల అంచులు మెత్తగా ఉన్నాయి, బిళ్ల పైభాగమంతా సూదితో పొడిచినట్టు సన్నని గుంటలు. మామయ్యగారు అంచు మీద గోరు నడిపి, “అల్లుడుగారూ, ఇది పోత పోసింది. అచ్చుతో కొట్టింది కాదు. ఇదిగో అతుకు గీత” అన్నారు. అసలువి అచ్చుల మధ్య పెట్టి కొట్టినవి, వాటి అంచు మీద ఆ గీత ఉండదు. నకలు తయారుచేస్తే దాని మీద ‘కాపీ’ అన్న మాట చెక్కి ఉండాలని 1973 నుంచి అమెరికాలో చట్టమే ఉంది. ఆ మాట ఏదని దుకాణంవాణ్ణి మర్యాదగానే అడిగాను. “కొంటే కొను, లేకపోతే కింద పెట్టు” అని చేతిలోంచి లాక్కున్నంత పని చేశాడు. మేం తలుపు దాటేలోపే ఇంకొకాయనకు అదే బిళ్ల చూపిస్తూ ఒరిజినల్ అని చెబుతున్నాడు. నాకు కోపం చల్లారింది ప్రదర్శన హాల్లోకి అడుగుపెట్టాకే.

అక్కడ పెన్సిల్వేనియా నుంచి వచ్చిన ఒక పెద్దాయన టేబుల్ దగ్గర సగం రోజు గడిచిపోయింది. మామయ్యగారికి కుర్చీ వేశాడు, భూతద్దం చేతికిచ్చాడు, ట్రే మొత్తం ముందు పెట్టాడు. తోమి మెరిపించిన రాగి గులాబీ రంగు తిరుగుతుందని, దాని ధర సగానికి పడిపోతుందని ఓపిగ్గా చూపించాడు. పీవీసీ కవర్లలో పెడితే పచ్చగా చిలుము పడుతుందని తానే హెచ్చరించాడు. ఇనప్పెట్టె జాక్సన్ 55 డాలర్లు, తాబేలు బిళ్ల 40. రెండూ కలిపి 85కి ఇచ్చాడు. దుకాణంవాడు పోత బిళ్లకు అడిగినదాంట్లో దాదాపు సగం.

మామయ్యగారి కళ్లు మాత్రం 1896 నాటి వెండి బిళ్ల మీద పడ్డాయి. ఆ ఏడాది అధ్యక్ష పదవికి పోటీ చేసిన విలియం జెన్నింగ్స్ బ్రయాన్ పదహారు వంతుల వెండికి ఒక వంతు బంగారం లెక్కన నాణేలు కొట్టాలని ప్రచారం చేశాడు. ఆ వాదాన్ని ఎగతాళి చేస్తూ గోర్హమ్ అనే వెండి సామాన్ల కంపెనీ చేసిన బిళ్ల అది. ప్రభుత్వ వెండి డాలర్‌లో వెండి 412.5 గ్రెయిన్లు (గ్రెయిన్ ఒక చిన్న తూకం కొలత), బంగారు డాలర్‌తో సమానం కావాలంటే 823 గ్రెయిన్లు ఉండాలని దాని మీదే రాసి ఉంది. “రెట్టింపుకు రెండు గ్రెయిన్లే తక్కువ!” అని మామయ్యగారు అప్పటికప్పుడు లెక్క తేల్చారు. 325 డాలర్లు. ఆయనే కొనుక్కున్నారు, నన్ను ఇవ్వనివ్వలేదు.

ఇక హోటల్. రేటు 179 డాలర్లని చూసి మా ఆవిడ బుక్ చేసింది. ఖాళీ చేసేటప్పుడు రాత్రికి 28 చొప్పున ‘డెస్టినేషన్ ఫీజు’ కలిపారు, పార్కింగ్ 46 వేరే. దేనికని అడిగితే జిమ్, వైఫై అన్నారు. ఆ వైఫై మా గదిలో అందనే లేదు. 2025 మే 12 నుంచి తప్పనిసరి ఫీజులన్నీ కలిపిన మొత్తం ధరే ముందు చూపించాలని ఫెడరల్ నిబంధన ఉంది. బుకింగ్ పేజీ స్క్రీన్‌షాట్ చూపించి మా ఆవిడ అరగంట వాదించాక ఫీజు తీసేశారు. ఆ పూటంతా తను ముభావంగానే ఉంది, లెక్సింగ్టన్ మార్కెట్‌లో పీత మాంసంతో చేసిన క్రాబ్ కేక్ తినేదాకా. బుక్ చేసేటప్పుడు ఆ పేజీ ఫొటో తీసి దాచుకోండి.

ఆదివారం రైల్లో వాషింగ్టన్ వెళ్లాం. కన్వెన్షన్ సెంటర్ పక్కనే క్యామ్డెన్ స్టేషన్ ఉంది కదా అని అక్కడికి నడవకండి. శనాదివారాల్లో ఆ లైన్‌లో మార్క్ అనే లోకల్ రైళ్లు నడవవు, పెన్ స్టేషన్‌కే వెళ్లాలి. స్మిత్సోనియన్ వారి అమెరికన్ హిస్టరీ మ్యూజియం ప్రవేశం ఉచితం. నాణేల గ్యాలరీతో పాటు ఎన్నికల బ్యాడ్జీలు, ప్రచార సామగ్రి ఉన్న విభాగం కూడా చూడండి. పది గంటలకు తలుపులు తీయగానే లోపలికి వెళితే రద్దీ లేకుండా ఒక్కొక్కటీ నిలబడి చూడొచ్చు.