డీటీపీ బల్ల మీద ఆరేళ్ల లిబ్రేఆఫీస్: ఏది నడుస్తుంది, ఏది మొరాయిస్తుంది

తిరుపతిలో ఎస్వీ యూనివర్సిటీ చుట్టుపక్కల డీటీపీ షాపులకు వచ్చే పని మూడు రకాలు. థీసిస్సులు, ప్రాజెక్టు రికార్డులు ఒకటి. అర్జీలు, అఫిడవిట్లు, బయోడేటాలు రెండోది. శుభలేఖ నుంచి పాంప్లెట్ దాకా తెలుగు మ్యాటర్ మూడోది. ఈ మూడింటికీ 6.4 వెర్షన్ నుంచి 25.2 దాకా లిబ్రేఆఫీస్ (మైక్రోసాఫ్ట్ ఆఫీస్‌కు బదులు వాడుకునే ఉచిత ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్) వాడాక రాస్తున్న సమీక్ష ఇది. ఇంగ్లిష్ పనికైతే ఇన్‌స్టాల్ చేసి అలాగే వాడుకోవచ్చు. తెలుగు పనికి మాత్రం మొదటిరోజు ఓ అరగంట సెట్టింగుల్లో కూర్చోవాలి. కూర్చోనివాళ్లు రెండోరోజే తీసిపారేసి, "ఇందులో తెలుగు సరిగా రాదు" అని పదిమందికి చెబుతారు.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి, ఆఫీస్ 2016, 2019లకు మైక్రోసాఫ్ట్ సపోర్టు ఆగిపోయింది కాబట్టి ఇప్పుడు దీని గురించి అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. అడిగేవాళ్లలో సగం మంది ఓపెన్ఆఫీస్ పేరు చెబుతారు. అక్కడే ఆగండి. 2010లో సన్ మైక్రోసిస్టమ్స్ ఒరాకిల్ చేతికి వెళ్లాక, ఓపెన్ఆఫీస్ మీద పనిచేసే వాళ్లలో చాలామంది బయటికొచ్చి డాక్యుమెంట్ ఫౌండేషన్ పెట్టుకుని లిబ్రేఆఫీస్ మొదలుపెట్టారు. పాత పేరు అపాచీ అనే సంస్థ దగ్గర ఇంకా బతికే ఉంది. కానీ అది వర్డ్ రకం డాక్‌ఎక్స్ ఫైలును తెరుస్తుందే గానీ డాక్‌ఎక్స్‌గా సేవ్ చేయదు. షాపులో అలాంటిది పెట్టుకుని లాభం లేదు.

ఇక తెలుగు సంగతి. లిబ్రేఆఫీస్‌లో వర్డ్ లాంటిది రైటర్. అది ప్రతి స్టైల్‌కూ (హెడ్డింగ్, మామూలు పేరా లాంటి వాటికి పేరుపెట్టి దాచుకున్న అమరిక) ఫాంటు, సైజు జతల్ని విడివిడిగా గుర్తుపెట్టుకుంటుంది, వాటిలో మనకు కావలసినవి రెండు. ఒక జత ఇంగ్లిష్‌కు, దాన్ని వెస్ట్రన్ అంటుంది. రెండో జత తెలుగు, తమిళం, హిందీ లాంటి వాటికి, దాన్ని కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్ అంటుంది. హెడ్డింగ్ స్టైల్‌లోకి వెళ్లి వెస్ట్రన్ దగ్గర 18 పెట్టి ఓకే కొడతారు. ఇంగ్లిష్ పెరుగుతుంది, తెలుగు ఉన్నచోటే ఉంటుంది. కొత్తవాళ్లు సాఫ్ట్‌వేర్‌ను తిట్టేది ఎక్కువగా ఇక్కడే.

మొదట టూల్స్, ఆప్షన్స్‌లో భాషల సెట్టింగులు తెరిచి, కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్ దగ్గర టిక్ లేకపోతే పెట్టి, డిఫాల్ట్ భాషగా తెలుగు ఎంచుకోవాలి. తర్వాత ఎఫ్11 కొడితే స్టైల్స్ జాబితా వస్తుంది. అందులో డిఫాల్ట్ పేరాగ్రాఫ్ స్టైల్ మీద రైట్ క్లిక్ చేసి, ఎడిట్‌లో ఫాంట్ ట్యాబ్‌కు వెళ్లి రెండు జతలూ మార్చాలి. హెడ్డింగ్ స్టైల్స్‌కు కూడా ఇదే పని. అంతా అయ్యాక ఆ ఖాళీ ఫైలును టెంప్లేట్‌గా సేవ్ చేసి, టెంప్లేట్ మేనేజర్‌లో డిఫాల్ట్‌గా పెట్టాలి. ఈ చివరి మెట్టు మరిచిపోతే రేపు పొద్దున మళ్లీ మొదటినుంచీ చేసుకోవాలి.

ఇందులోనే ఇంకో చిన్న చిక్కుంది. అంకెలు వాటి ముందున్న అక్షరం ఫాంటునే తీసుకుంటాయి. "సెల్" అని తెలుగులో కొట్టి నంబరు వేస్తే తెలుగు ఫాంటు అంకెలు, ఇంగ్లిష్ మాట తర్వాత వేస్తే ఇంగ్లిష్ ఫాంటు అంకెలు పడతాయి. ఒకే విజిటింగ్ కార్డు మీద రెండు రకాల అంకెలు కనిపిస్తాయి. రెండు జతల్లోనూ మండలి ఫాంటే పెట్టుకుంటే ఈ గోల ఉండదు, ఎందుకంటే అందులో ఇంగ్లిష్ అక్షరాలు కూడా ఉన్నాయి. మండలి, రామభద్ర, ఎన్టీఆర్, పొన్నాల లాంటి యూనికోడ్ ఫాంట్లన్నీ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితమే. బాడీ మ్యాటర్‌కు మండలి, పాంప్లెట్ హెడ్డింగ్‌కు రామభద్ర పెడితే కంటికి బాగుంటుంది.

ఈ ఫాంట్లలో వరసకూ వరసకూ మధ్య ఖాళీ ఎక్కువ. రెండు పేజీల మ్యాటర్ మూడు పేజీలైతే పని ఇచ్చిన పార్టీ ఒప్పుకోడు. అప్పుడు చాలామంది లైన్ స్పేసింగ్‌లో ఫిక్స్‌డ్ పెట్టి బిగించేస్తారు. దాంతో "శ్రీలక్ష్మీ" అన్నచోట క్ష కింద ఉన్న మ ఒత్తు సగానికి తెగిపోతుంది. స్క్రీన్ మీద ఆ తేడా పట్టుకోలేం, ప్రింటులో బయటపడుతుంది. శుభలేఖ మీద అమ్మవారి పేరే తెగితే ఇంకేముంది! ఫిక్స్‌డ్ జోలికి పోకుండా ప్రపోర్షనల్ ఎంచుకుని 90 శాతంతో మొదలుపెట్టి, 85 దాకా దిగొచ్చు. ఇంకా కిందికి పోతే పై వరస ఒత్తులూ కింది వరస గుడులూ ఒకదాన్నొకటి రాసుకుంటాయి.

"సాఫ్ట్‌వేర్" లాంటి మాట ఫ్ట్ దగ్గర విడిగా నిలవాలి, లేకపోతే వ ఒత్తు కిందికి జారి మాట చదవడానికి రాదు. కీబోర్డులో అలా విడదీసే అక్షరానికి కీ లేకపోతే, ఆ చోట కర్సర్ పెట్టి 200, దాని పక్కన ఇంగ్లిష్ సి కొట్టి, ఆల్ట్ పట్టుకుని ఎక్స్ నొక్కాలి. ఆ అంకెలు మాయమై, కంటికి కనిపించని విడదీత అక్షరం వచ్చి కూర్చుంటుంది. 

తెలుగు స్పెల్‌చెక్ ఉంది గానీ, ఉందనిపించుకోవడానికే. మన భాషలో ఒక్క "పుస్తకం" నుంచే పుస్తకాలన్నిటినీ, పుస్తకంలోనిదే అంటూ ఎన్ని రూపాలైనా పుడతాయి. ఆ డిక్షనరీలో ఉన్నవి కొన్నే. పేజీ నిండా ఎర్రగీతలు పడతాయి. షిఫ్ట్, ఎఫ్7 కలిపి కొడితే అవి పోతాయి. ప్రూఫ్ కంటితో చూసుకోవాల్సిందే.

యూనికోడ్ కాని పాత "అను" ఫాంట్లలో కొట్టిన మ్యాటర్ గురించి విడిగా చెప్పాలి. మన జిల్లాల్లో ఏ డీటీపీ షాపు హార్డ్‌డిస్క్ చూసినా అను ఫాంట్లలో కొట్టిన ఫైళ్లు గుట్టలుగా ఉంటాయి. వాటిలో ఉన్నవి తెలుగు బొమ్మ తొడుక్కున్న ఇంగ్లిష్ అక్షరాలు. పెద్ద ఎ ఒక ముక్క, చిన్న ఎ ఇంకో ముక్క. ఇలాంటి ఫైలులో రైటర్ ఆటోకరెక్ట్ ఆన్‌లో ఉంటే, వాక్యం మొదటి అక్షరాన్ని తనంతట తాను పెద్దది చేస్తుంది. అంటే తెలుగులో ఒక అక్షరం ఇంకో అక్షరమైపోతుంది. మామూలు కోట్ గుర్తును వంపు కోట్ గుర్తుగా మారుస్తుంది, దాంతో ఏదో ఒక ఒత్తు ఎగిరిపోతుంది. టూల్స్ మెనూ ఆటోకరెక్ట్ ఆప్షన్స్‌లో వాక్యం మొదట పెద్దక్షరం, వరుసగా రెండు పెద్దక్షరాలను సరిచేయడం, లోకలైజ్డ్ ఆప్షన్స్ ట్యాబ్‌లో కోట్ గుర్తుల మార్పు, ఈ మూడూ తీసేయాలి. ఆ తర్వాతే అను ఫైలు ముట్టుకోవాలి. యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు వాడేటప్పుడు, మ్యాటర్ మధ్యలో ఉన్న ఇంగ్లిష్ మాటల్ని ముందే తీసి పక్కన పెట్టుకోండి. లేకపోతే ఈమెయిల్ అడ్రసు కూడా అర్థంలేని తెలుగై కూర్చుంటుంది. పేజ్‌మేకర్ ఫైళ్లను లిబ్రేఆఫీస్‌లోనే ఉన్న డ్రా తెరుస్తుంది గానీ డిజైన్ చెదురుతుంది. మ్యాటర్ బయటికి తీసుకోవడానికి మాత్రం పనికొస్తుంది.

థీసిస్ పనిలో రైటర్ నిజంగా వర్డ్ కంటే మెరుగు, స్టైల్స్ అలవాటైతే. సర్టిఫికెట్, డిక్లరేషన్, విషయసూచిక పేజీలకు రోమన్ అంకెలు, మొదటి అధ్యాయం నుంచి 1, 2, 3 కావాలంటే, అధ్యాయం ముందు ఇన్సర్ట్ మెనూలో మాన్యువల్ బ్రేక్ తీసుకుని, కొత్త పేజీ స్టైల్ ఎంచుకుని, చేంజ్ పేజ్ నంబర్ టిక్ పెట్టి 1 ఇవ్వాలి. అంతా సరిగానే ఉంటుంది. కానీ ప్రింటు తీస్తే మధ్యలో ఒక తెల్ల పేజీ వస్తుంది. రైటర్ లెక్కలో బేసి సంఖ్య పేజీ ఎప్పుడూ కుడివైపే ఉండాలి. అంతకుముందు పేజీ కూడా బేసి సంఖ్యే అయితే, కుడివైపుకు రావడానికి మధ్యలో ఒక ఖాళీ పేజీ తనే వేసుకుంటుంది. రెండువైపులా ప్రింటు తీసి గట్టి అట్ట బైండింగ్ చేసే థీసిస్‌కు అది వరమే. ఒకవైపే ప్రింటు తీసి స్పైరల్ కొట్టే రికార్డుకు మాత్రం ఆ తెల్లకాగితం అడ్డం. ఆప్షన్స్‌లో రైటర్ కింద ప్రింట్ పేజీలో, తనంతట వేసిన ఖాళీ పేజీలను ప్రింటు చేయాలా అన్న టిక్ తీసేయాలి. పీడీఎఫ్ ఎగుమతి బాక్సులో అదే టిక్ ఇంకొకటి విడిగా ఉంది, అదీ తీయాలి. ఒకటి తీసి ఇంకొకటి మరిచిపోతే ప్రింటులో ఒక లెక్క, పీడీఎఫ్‌లో ఇంకో లెక్క.

డాక్‌ఎక్స్‌గా పంపి, థీసిస్ గైడ్ దాన్ని వర్డ్‌లో దిద్ది తిరిగి పంపితే ఏం చెదురుతుంది? మామూలు పేరాలు, ఫుట్‌నోట్లు, చిన్న టేబుళ్లు నిలబడతాయి. టెక్స్ట్ బాక్సులు, వాటిని అంటుకున్న బొమ్మలు, పలు అంచెల నంబరింగ్ కదులుతాయి. స్మార్ట్‌ఆర్ట్ బొమ్మలాగే ఉండిపోతుంది, దిద్దడానికి రాదు. అందుకే అసలు ఫైలు ఎప్పుడూ రైటర్ సొంత రకమైన ఓడీటీలోనే ఉంచి, పంపే కాపీ ఒక్కటే డాక్‌ఎక్స్‌గా తీయడం మేలు. క్యాలిబ్రీకి బదులు కార్లిటో, క్యాంబ్రియాకు బదులు క్యాలడియా ఫాంట్లు దీంతోపాటే వస్తాయి. అక్షరాల వెడల్పు ఒకటే కాబట్టి వరసలు మారవు.

పార్టీకి వాట్సాప్‌లో పంపే పీడీఎఫ్‌కు ఒక మంచి ఏర్పాటుంది. ఎగుమతి బాక్సులో హైబ్రిడ్ పీడీఎఫ్ టిక్ పెడితే అసలు ఓడీటీ ఫైలు ఆ పీడీఎఫ్ కడుపులోనే ఉంటుంది. నెల తర్వాత అదే పీడీఎఫ్ తెచ్చి తేదీ ఒక్కటి మార్చమంటే, రైటర్‌లో తెరిచి మార్చి ఇచ్చేయొచ్చు. ఈ ఒక్కదానికోసమైనా దీన్ని ఉంచుకోవచ్చు.

2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా వచ్చాక అర్జీ నమూనాలన్నీ మార్చాల్సి వచ్చింది. కంట్రోల్, హెచ్ కొట్టి "చిత్తూరు జిల్లా" తీసి "తిరుపతి జిల్లా" అని ఒక్కసారిగా రీప్లేస్ ఆల్ చేస్తే, నిజంగానే చిత్తూరులో ఉన్న ఊళ్ల అర్జీలు కూడా జిల్లా మారిపోతాయి. ఫైండ్ ఆల్ కొడితే దొరికినవన్నీ ఒకేసారి సెలెక్ట్ అయి కనిపిస్తాయి. ఒక్కసారి కళ్లతో చూసి, ఏవి మార్చాలో తేల్చుకున్నాకే రీప్లేస్ కొట్టాలి. రెండు మాటల మధ్య రెండు స్పేసులున్న చోట్లు ఇలా దొరకవు, వాటిని రెండు స్పేసులు పెట్టి ఇంకోసారి వెతుక్కోవాలి.

ఇందులో ఎక్సెల్ లాంటిదైన క్యాల్క్ గురించి ఎక్కువ చెప్పేదేం లేదు, బాగానే నడుస్తుంది. లోకేల్‌ను ఇంగ్లిష్ ఇండియా పెడితే కామాలు మన పద్ధతిలో 12,34,567 అని పడతాయి. మామిడి సీజన్‌లో చిత్తూరు మండీల తోతాపురి లెక్కలు కొట్టేవాళ్లకు ఇది కావాలి. బ్యాంకు సీఎస్‌వీ తెరిచేటప్పుడు వచ్చే బాక్సును చూడకుండా ఓకే కొట్టొద్దు. అకౌంటు నంబరు నిలువును టెక్స్ట్‌గా, తేదీ నిలువును రోజు-నెల-సంవత్సరంగా ఎంచుకోకపోతే, నంబరు ముందున్న సున్నాలు పోతాయి, తేదీలో నెలా రోజూ తారుమారవుతాయి. ఎక్స్‌లుకప్, ఫిల్టర్ లాంటి ఫంక్షన్లు 24.8లోనే వచ్చాయి. అంతకంటే పాతది ఉంటే కొత్త ఎక్సెల్ ఫైళ్లలో ఎర్రర్లు కనిపిస్తాయి.

మ్యాక్రోల దగ్గర మాత్రం ఇది చేతులెత్తేస్తుంది. జీఎస్టీ వార్షిక రిటర్ను జీఎస్టీఆర్-9 ఆఫ్‌లైన్ టూల్ లాంటి మ్యాక్రో ఎక్సెల్ ఫైళ్లు క్యాల్క్‌లో తెరుచుకున్నా బటన్లు పనిచేయవు. ఆడిటర్ల పని చేసే షాపులో ఒక్క సిస్టమ్‌లోనైనా అసలు ఎక్సెల్ ఉండాలి. దీనికి దొడ్డిదారి లేదు.

కరెంటు పోయినప్పుడు ఏమవుతుంది? ఆటోరికవరీ మామూలుగా పది నిమిషాలకు ఒకసారి సేవ్ చేస్తుంది. దాన్ని మూడుకు తగ్గించి, బ్యాకప్ కాపీ టిక్ పెట్టుకోండి. కరెంటు వచ్చాక ఫైలు తెరిస్తే, ఎవరో వాడుతున్నారు, లాక్ అయింది అని చెబుతుంది. ఎవరూ వాడటం లేదు. ఫైలు ఉన్న ఫోల్డర్‌లోనే చుక్కతో, లాక్ అనే మాటతో మొదలయ్యే చిన్న దాపుడు ఫైలు మిగిలిపోయి ఉంటుంది. దాన్ని డిలీట్ చేస్తే తెరుచుకుంటుంది. అది నెట్‌వర్క్ ఫోల్డరైతే, పక్క సిస్టమ్‌లో నిజంగా ఎవరూ తెరిచి లేరని చూసుకున్నాకే తీయండి.

పాత ఇంటెల్ గ్రాఫిక్స్ ఉన్న సిస్టమ్‌లలో స్క్రీన్ నల్లబడటం, మెనూలు మినుకుమినుకుమనడం కనిపిస్తే ఆప్షన్స్‌లో వ్యూ కింద స్కియా టిక్ తీసి మళ్లీ తెరవాలి. ఇంకా తిక్కగా ప్రవర్తిస్తే హెల్ప్ మెనూలో సేఫ్ మోడ్ ఉంది. 4 జీబీ ర్యామ్, పాత హార్డ్‌డిస్క్ ఉన్న సిస్టమ్‌లో పొద్దున మొదటిసారి తెరవడానికి టీ తాగొచ్చేంత సేపు పడుతుంది. ఎస్ఎస్‌డీ వేస్తే ఆ బాధ పోతుంది.

మిగతా వాటిలో, ఓన్లీఆఫీస్ డాక్‌ఎక్స్ రూపాన్ని దీనికంటే బాగా కాపాడుతుంది. చాలాకాలం అందులో తెలుగు ఒత్తులు విడిపోయేవి, 2022లో 7.2తో అక్షరాల కలయిక వచ్చాక బాగుపడింది. అయినా పెద్ద తెలుగు థీసిస్‌కు రైటర్ స్టైల్స్ ముందు అది చాలదు. రేణిగుంటలో కూడా ఆఫీసు ఉన్న జోహో వాళ్ల రైటర్, గూగుల్ డాక్స్ రెండూ నెట్ ఉంటే బాగుంటాయి గానీ ఓపెన్ సోర్స్ కావు.

అప్‌డేట్ చేసే ముందు పాత వెర్షన్ ఇన్‌స్టాలర్‌ను పెన్‌డ్రైవ్‌లో దాచుకోండి. కొత్త పెద్ద వెర్షన్ రాగానే ఎక్కించకుండా, దానికి రెండు మూడు చిన్న దిద్దుబాట్లు వచ్చేదాకా ఆగండి. థీసిస్సులు ఇచ్చే గడువు దగ్గరపడితే అసలు ముట్టుకోకండి.