రెండు ట్రంకు పెట్టెల తుపాకీ పత్రికలు: పద్దెనిమిదేళ్లు చదివాక

మా ఇంట్లో తుపాకీ లేదు. మిద్దె మీద గురి చూసుకోవడానికి 4.5 మిల్లీమీటర్ల ఎయిర్ రైఫిల్ ఒకటుంది, దానికి లైసెన్సు అక్కర్లేదు. తుపాకీ పత్రికలు మాత్రం రెండు ట్రంకు పెట్టెల నిండా ఉన్నాయి. చిత్తూరులో ఇప్పటికి మూడు అద్దె ఇళ్లు మారాం. మారినప్పుడల్లా పెట్టెలు ఎత్తే మనిషి "ఏం సామీ, రాళ్లు పెట్టినారా ఇందులో?" అని అడుగుతాడు. మా ఆవిడ అతని పక్షమే.

ఈ పిచ్చి తిరుపతి ఎస్వీ ఆర్ట్స్ కాలేజీ ఎన్‌సీసీలో అంటుకుంది. క్యాంపులో .22 రైఫిల్ చేతికిచ్చి ఐదు రౌండ్లు కాల్చమన్నారు. నా ఐదు చిల్లులూ టార్గెట్‌కు ఐదు మూలలా పడ్డాయి. పక్కన పడుకుని కాల్చిన అమ్మాయి చిల్లులన్నీ ఒకేచోట పడ్డాయి, ఆ గుంపు (దాన్నే గ్రూపింగ్ అంటారు) మీద రూపాయి బిళ్ల పెడితే మూసుకుపోయింది. ఎందుకలా అని అడిగితే ఇన్‌స్ట్రక్టర్ "ఊపిరి బిగబట్టాలి" అని మాత్రమే చెప్పాడు. మిగతా జవాబు కోసం 2007లో చెన్నై మూర్ మార్కెట్‌లో పాత పత్రికల కట్ట కొన్నాను. ఒక్కోటి ముప్పై రూపాయలు. సప్తగిరి ఎక్స్‌ప్రెస్‌లో తిరిగొస్తూ అరక్కోణం దాకా తలెత్తలేదు. అప్పటినుంచి పాతవి కొంటూనే ఉన్నాను, కొన్నాళ్లు విదేశీ చందా కూడా కట్టాను, ఇప్పుడు ఫోన్‌లో చదువుతున్నాను. పని చేసేది మామిడి గుజ్జు ఫ్యాక్టరీ స్టోర్స్‌లో. తోతాపురి సీజన్ అయిపోతే చదువుకోవడానికి కావలసినంత తీరిక.

ముందు చేదు సంగతి. ఈ పత్రికల అట్ట మీద పెద్ద అక్షరాలతో వేసే కొత్త తుపాకీ పరీక్షలున్నాయే, అవే వీటన్నిటిలోకీ పనికిమాలిన పేజీలు. నా పెట్టెల్లో వందల పరీక్షలున్నాయి. "ఇది బాగాలేదు, కొనకండి" అని తేల్చి రాసినవి రెండు చేతుల వేళ్లకు మించవు. ట్రిగ్గర్ బరువుగా ఉంటే "అలవాటైతే బాగుంటుంది" అంటారు. తూటా ఇరుక్కుంటే "కొత్త తుపాకీ కదా, ఇంకా సర్దుకోవాలి" అంటారు. పేజీ తిప్పితే అదే కంపెనీ ప్రకటన రంగుల్లో కనిపిస్తుంది. పెళ్లిళ్ల పేరయ్య పిల్లాడి గురించి చెప్పినట్టే ఉంటుంది.

అంకెల్లో జరిగే గారడీ పట్టుకోవడానికి నాకు నాలుగేళ్లు పట్టింది. "వంద గజాల్లో అంగుళం గ్రూపింగ్" అని రాస్తారు. ఎన్ని గుళ్లకు అన్నది కింద సన్నటి అక్షరాల్లో ఉంటుంది. అదే తుపాకీ, అదే చెయ్యి అయినా మూడు గుళ్లకు అంగుళం వస్తే ఐదు గుళ్లకు సగటున అంగుళంపావు దాటుతుంది, పదికి ఒకటిన్నర మించుతుంది. తుపాకీ చెడిపోయి కాదు, ఎక్కువసార్లు కాలిస్తే పక్కకు పోయే గుండు బయటపడే అవకాశం పెరుగుతుంది కాబట్టి. మూడు గుళ్ల గ్రూపింగ్ ఒక్కటి చూపించి ఊరుకునే పత్రికను నేనిప్పుడు పరీక్షల కోసం చదవను. ఈ విషయంలో అమెరికన్ రైఫిల్‌మ్యాన్ పద్ధతి నాకు నచ్చింది. ఐదేసి గుళ్ల గ్రూపింగ్‌లు వరసగా ఐదు కాల్చి, అతి చిన్నది, అతి పెద్దది, సగటు మూడూ పట్టికలో వేస్తారు. చెడ్డ రోజు కూడా ఆ పట్టికలో కనిపిస్తుంది. 1923 నుంచి ఆ పేరుతో వస్తున్న పత్రిక అది. ఎన్‌ఆర్‌ఏ అనే అమెరికా తుపాకీదార్ల సంఘం తమ సభ్యులకు పంపేది కాబట్టి ముందు పేజీల్లో వాళ్ల రాజకీయమే ఉంటుంది. నేను ఆ పేజీలు తిప్పేస్తాను. గన్ టెస్ట్స్ అని ఇంకొకటుంది, ప్రకటనలే తీసుకోదు. అందులో తిట్లు కూడా ఉంటాయి. చదవడానికి మాత్రం కొంచెం చప్పగా ఉంటుంది, పత్యం కూడులాగా.

ఒత్తిడి ప్రకటనదారుల నుంచే వస్తుందని చాలాకాలం అనుకున్నాను. 2013లో జరిగిన ఒక సంగతి చదివాక పాఠకులూ తక్కువ వాళ్లు కాదని తెలిసింది. 1958 నుంచి వస్తున్న గన్స్ అండ్ ఆమోలో డిక్ మెట్‌కాఫ్ అనే పెద్దాయన డిసెంబరు సంచికలో ఒక వ్యాసం రాశాడు. తుపాకీ హక్కుకైనా కొన్ని నిబంధనలు ఉండవచ్చన్నది దాని సారాంశం. దశాబ్దాలుగా అదే రంగంలో రాస్తున్న మనిషి. పాఠకులు మండిపడ్డారు, ఆయన కాలమ్ పోయింది, సంపాదకుడు క్షమాపణ చెప్పి తప్పుకున్నాడు. ఇక మెచ్చుకోలు తప్ప ఇంకోటి రాసే ధైర్యం ఎవరికుంటుంది?

మన దగ్గర చదివేవాళ్లకు ఇంకో చిక్కు. ఈ పత్రికల్లో సగం 9 ఎంఎం పిస్టళ్ల గురించే. మనకది నిషిద్ధ బోరు (బోరు అంటే గొట్టం కొలత), మామూలు మనుషులకు దొరకదు, .303 కూడా అంతే. విదేశీ తుపాకుల దిగుమతి మామూలు మనుషులకు 1980ల్లోనే మూసేశారు. ఇక్కడ లైసెన్సు ఉన్నవాళ్ల చేతిలో కనిపించేవి 12 బోరు, .315 రైఫిల్, .32 రివాల్వర్. తూటాలు ఇంట్లోనే మళ్లీ నింపుకోవడం గురించి అమెరికా వాళ్లు పేజీలకు పేజీలు రాస్తారు, అదే పనికి హ్యాండ్‌లోడర్ అని ప్రత్యేక పత్రిక కూడా నడుపుతారు. ఇక్కడ లైసెన్సు లేకుండా ఆ పని చేస్తే నేరుగా స్టేషనుకే.

అలాగని .32ను వాళ్లు పూర్తిగా మరిచిపోలేదు. మన కాన్పూర్ ఆయుధ కర్మాగారం రివాల్వర్‌లో పడే .32 లాంగ్ తూటా 1896 నాటిది. ఆత్మరక్షణ వ్యాసాల్లో దాన్ని ముసలమ్మ తూటా అన్నట్టు తీసిపారేస్తారు. టార్గెట్ షూటింగ్ వ్యాసాలు తీస్తే కథ తిరగబడుతుంది. 25 మీటర్ల సెంటర్‌ఫైర్ (అడుగు మధ్యలో కొడితే పేలే తూటాల) పిస్టల్ పోటీల్లో పెద్ద పెద్ద షూటర్లు వాడేది ఆ తూటానే. గుండు ముందు భాగం చదునుగా ఉంటుంది. కాగితాన్ని చింపకుండా, ఆఫీసులో పంచింగ్ మిషన్ కొట్టినట్టు గుండ్రటి చిల్లు చేస్తుంది, పాయింట్ల దగ్గర తగాదా రాదు. కుదుపు తక్కువ కాబట్టి మళ్లీ గురి కుదరడం తేలిక. ఒకే తూటాకు ఒక పేజీలో అవమానం, ఇంకో పేజీలో పూజ. ఏ పేజీ ఎవరి కోసం రాశారో చూసుకోవాలని నాకు ఇక్కడే అర్థమైంది.

నాకు డబ్బు తిరిగొచ్చింది బ్రిటన్ ఎయిర్‌గన్ పత్రికల వల్ల. ఎయిర్‌గన్ వరల్డ్, ఎయిర్ గన్నర్. కారణం చాలా సాదా. ఇంగ్లండ్‌లో లైసెన్సు లేని ఎయిర్ రైఫిల్‌కు శక్తి పరిమితి 12 అడుగు పౌండ్లు, అంటే సుమారు 16 జౌల్స్. మన 2016 ఆయుధ నియమాల్లో పరిమితి 20 జౌల్స్, బోరు .177 దాటకూడదు. అందుకే వాళ్లు పరీక్షించే రైఫిళ్లు మన మిద్దె మీద రైఫిళ్లకు దగ్గరగా ఉంటాయి. ఒక్క జాగ్రత్త: వాళ్లకు .22 ఎయిర్ రైఫిల్ మామూలే, మనకు దానికి లైసెన్సు కావాలి.

అమెరికా ప్రకటనల్లో "సెకనుకు 1200 అడుగులు" అని ఊదరగొడతారు. ఒకరోజు మా ఫ్యాక్టరీ క్యాలెండర్ వెనక లెక్క వేశాను. మామూలు సీసం పెల్లెట్ (ఎయిర్ రైఫిల్ గుండు) 0.53 గ్రాములు. అది ఆ వేగంతో పోతే 35 జౌల్స్ వస్తుంది. రైఫిల్ లోపల పిస్టన్‌ను తోసి గాలిని నొక్కే ఆ స్ప్రింగుకు అంత శక్తి ఎక్కడిది? తేలికపాటి లోహపు పెల్లెట్ వేసి కొలిచారన్నమాట. పైగా ధ్వని వేగం దగ్గరికి పోతే పెల్లెట్ తూలుతుంది, గురి చెడుతుంది. వేగం చూసి ఎయిర్‌గన్ కొనొద్దని బ్రిటన్ వాళ్లు నెలనెలా మొత్తుకునేది ఇందుకే. ఆ మాట ముందే చదివి ఉంటే నా మొదటి రైఫిల్ కొనేవాణ్ణి కాదు.

స్ప్రింగ్ రైఫిల్ కుదుపు రెండు వైపులా ఉంటుందని కూడా అక్కడే చదివాను. పిస్టన్ ముందుకు దూకినప్పుడు రైఫిల్ వెనక్కి పోతుంది, పిస్టన్ ఆగినప్పుడు ముందుకు ఎగురుతుంది. ఈ ముందు కుదుపే గురి కోసం పైన బిగించే టెలిస్కోపును చంపేస్తుంది. నిజం తుపాకీ మీద ఏళ్లు నిలిచిన అద్దం కూడా దీని మీద నెలలో పోవచ్చు. నేను అప్పుడే ఒక మామూలు టెలిస్కోపుకు డబ్బులు కట్టబోతున్నాను, ఆపేశాను. అదే వ్యాసంలో ముందు చెయ్యి బిగించి పట్టొద్దు, అరచేతిలో ఊరికే ఆనించు అని రాశారు. ఎన్‌సీసీలో బిగించి పట్టుకోమనేవాళ్లు కదా, నమ్మబుద్ధి కాలేదు. సాయంత్రం మిద్దె మీద ఇసుక గోనె ముందు టార్గెట్ పెట్టి చూశాను. పది మీటర్లలో పాత ఐదు రూపాయల బిళ్లంత ఉన్న గ్రూపింగ్ చొక్కా గుండీ అంతకు దిగింది. ఆ ఒక్క పేజీకి నేను కట్టిన చందాలన్నీ చెల్లు.

పెల్లెట్లను తూచి వేరు చేసుకోమని ఇంకో సంచికలో ఉంది. మా ఫ్యాక్టరీ ల్యాబులో మిల్లీగ్రాముల త్రాసు ఉంది. ల్యాబ్ కెమిస్టును బతిమాలి ఒక డబ్బా మొత్తం తూచాను. తక్కువది 0.51, ఎక్కువది 0.56. డబ్బా మీద మాత్రం అన్నీ ఒకటే అని రాసుంది. "గుజ్జు తూచమంటే గుండ్లు తూస్తున్నావేందబ్బా" అని ఆయన ఇప్పటికీ అంటుంటాడు. పత్రికల్లో బరువులన్నీ గ్రెయిన్లలో ఉంటాయి, మొదట్లో తల తిరిగేది. ఒక గ్రెయిన్ 0.065 గ్రాములు. కంసాలి గురివింద గింజ దాదాపు రెండు గ్రెయిన్లు. అలా పెట్టుకున్నాక తేలికైంది: నా పెల్లెట్ నాలుగు గురివింద గింజలకు కొంచెం ఎక్కువ. మన గురికి గురివింద కొలత, బాగుంది కదా.

నష్టపోయింది కూడా చెప్పాలి. పిస్టల్ షూటర్లు రోజూ ఖాళీగా ట్రిగ్గర్ నొక్కి సాధన చేయాలని ఒక అమెరికా పత్రికలో పెద్ద వ్యాసం. మంచి వ్యాసమే. నేను దాన్ని నా స్ప్రింగ్ రైఫిల్‌కు అంటించాను. పెల్లెట్ లేకుండా పదిహేను రోజులు టపటపా నొక్కాను. పెల్లెట్ అడ్డం లేకపోతే గాలి దిండులా ఆగదు, పిస్టన్ వెళ్లి సిలిండర్ చివరి గోడకు గుద్దుకుంటుంది. సీలు పోయింది, స్ప్రింగు వంగింది. బాగుచేయించడానికి చెన్నై పంపాల్సి వచ్చింది. వ్యాసం రాసినాయన తప్పేం లేదు, ఆయన స్ప్రింగ్ రైఫిల్ ఊసే ఎత్తలేదు. కానీ చేతిలో ఏ ఆయుధం ఉన్నవాళ్లు ఇది చేయకూడదో ఒక్క వాక్యం రాస్తే ఏం పోయింది? కొత్తవాళ్లు కూడా చదువుతారని ఈ పత్రికలు తరచూ మరిచిపోతాయి.

పాత సంచికల రుచి వేరు. మా తాత ఊరు భాకరాపేట దగ్గర. ఆ చుట్టుపక్కల, మామండూరు అడవుల్లో మనిషి మాంసం మరిగిన పులుల వెంట తిరిగిన బెంగళూరు వేటగాడు కెన్నెత్ ఆండర్సన్ చేతిలో ఉండేది .405 వించెస్టర్, 1895 మోడల్. ఆ తుపాకీ లోపల ఎలా పనిచేస్తుందో విప్పి బొమ్మలతో చూపించిన వ్యాసం నా దగ్గరున్న పాత సంచికలో ఉంది. అంతకుముందు లీవర్ రైఫిళ్లలో (కింది మీట లాగి తూటా ఎక్కించేవి) మామూలుగా తూటాలు గొట్టంలో ఒకదాని వెనక ఒకటి ఉండేవి. మొన తేలిన గుండు అయితే ముందున్న తూటా అడుగుకు తగిలి పేలే ప్రమాదం. ఈ మోడల్ రూపకర్త జాన్ బ్రౌనింగ్ తూటాలను కింద పెట్టెలో ఒకదాని మీద ఒకటి పేర్చేశాడు. 1904లో వచ్చిన .405 గుండు 300 గ్రెయిన్లు, అంటే నూట అరవై గురివింద గింజలు. 1909లో అమెరికా మాజీ అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ ఆఫ్రికా వేటకు పట్టుకుపోయింది కూడా దాన్నే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో వేట ముగిసింది, ముగియడమే మంచిదైంది. అయినా భాకరాపేట ఘాట్‌లో బస్సు మలుపు తిరిగేటప్పుడు నాకు ఆ బొమ్మే గుర్తొస్తుంది. కొత్త పత్రికల్లో ఇలాంటి వ్యాసం ఏడాదికొకటి కూడా దొరకడం లేదు.

కాగితం గురించి రెండు ముక్కలు. నిగనిగలాడే కాగితం తడిస్తే అంతే. 2021 నవంబరు వానలకు ఒక పెట్టెలోకి నీళ్లు పోయాయి. కొత్త సంచికలు అప్పడాల కట్టలా అతుక్కుపోయాయి, విడదీస్తే అక్షరాలు ఊడొచ్చాయి. గరుకు కాగితం మీద అచ్చేసిన పాతవి దండెం మీద ఆరేస్తే బతికాయి, పిన్నులు మాత్రం తుప్పుపట్టాయి.

విదేశీ చందా సంగతి: పత్రిక ధర కన్నా పోస్టు ఖర్చు ఎక్కువ. ఒక పత్రిక ఏడాదికి పన్నెండు పంపాల్సింది నాకు ఏడే చేరాయి. మెయిళ్లు పెడితే బదులు లేదు. రెండో ఏడు కట్టలేదు. ఫోన్‌లో డిజిటల్ చందా చవక, పోయేదేమీ ఉండదు. కానీ పట్టికలు చిన్న తెరమీద చదవడం కష్టం, పక్కన పెన్సిల్‌తో రాసుకోలేం. నేనైతే బ్రిటన్ ఎయిర్‌గన్ పత్రిక ఒక్కటి డిజిటల్‌లో ఉంచుకుని, మిగతా డబ్బుతో 1970ల, 80ల పాత సంచికలు ఏరుకుంటున్నాను. కొత్త తుపాకుల పత్రికలు మానేసి మూడేళ్లయింది, లోటేమీ తెలియలేదు. పది మీటర్ల పోటీలకు పిల్లల్ని తయారుచేసేవాళ్లకు మాత్రం ఇవేవీ చాలవు. అర మిల్లీమీటరు చుక్క మీద 10.9 (ఒక గుండుకు వచ్చే అత్యధిక స్కోరు) కొట్టాలంటే కోచ్ కావాలి, పత్రిక కాదు.

మా పక్కింటి హవల్దార్ సార్ రిటైరై బ్యాంకులో గన్‌మ్యాన్‌గా చేస్తున్నారు. 12 బోరు భుజాన వేసుకుని పదకొండేళ్లుగా అదే గేటు ముందు నిలబడుతున్నారు. "బొమ్మలు చూసేదానికి ఇంత డబ్బు పెడతావా?" అని మొదట్లో ఎగతాళి చేసేవారు. ఒకసారి బ్యారెల్ లోపల గుంటలు పడటం, తుప్పు, నూనె ఎంత రాయాలి అన్న వ్యాసం చూపించాను. కళ్లద్దాలు తెప్పించుకుని నిలబడే చదివారు. మర్నాడు గుడ్డముక్క చుట్టిన కడ్డీతో బ్యాంకు తుపాకీ శుభ్రం చేసి, నల్లగా మారిన ఆ గుడ్డను నాకు చూపించడానికి ఇంటికి పట్టుకొచ్చారు. ఆ సంచికతో పాటు నావి ఇంకో మూడు ఇప్పుడు ఆయన దగ్గరే ఉన్నాయి. అడిగితే "ఇస్తాలేవయ్యా, ఇంకా అయిపోలేదు" అంటున్నారు.