అత్త సొమ్ము అల్లుడు దానం: ఒక మెయిల్ సాఫ్ట్‌వేర్‌తో ఆరేళ్లు

గుంటూరు బ్రాడీపేటలో రెండు గదుల ఆఫీసు నాది. జీఎస్టీ, ఆదాయపు పన్ను రిటర్నులు వేసిపెట్టడం పని. మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారులు, కోల్డ్ స్టోరేజీల వాళ్లు, రిటైరైన ఉపాధ్యాయులు, లక్ష్మీపురంలో క్లినిక్ నడిపే ఒక డాక్టరమ్మ, ఇలా నూటయాభై మంది దాకా క్లయింట్లు. వాళ్ల కాగితాలన్నీ నాకు మెయిల్‌లోనే వస్తాయి. 2019లో ఒక ఉచిత మెయిల్ సాఫ్ట్‌వేర్‌ను ఆఫీసు కంప్యూటర్‌లోనూ ఫోన్‌లోనూ వేసుకున్నాను. 2025 వేసవిలో రెండింటిలోనూ తీసేశాను.

దాని పేరు రాయడం లేదు. భయపడి కాదు. పేరు రాస్తే చదివినవాళ్లు ఆ ఒక్కటీ తీసేసి, పక్కనే ఉన్న అలాంటిదే ఇంకొకటి వేసుకుంటారు.

ముందు దాని మంచి చెప్పాలి. నాలుగు మెయిల్ ఖాతాలను ఒకే చోట చూపించేది. నెలలో ఇరవయ్యో తారీఖు దగ్గర పడి నెలనెలా వేసే జీఎస్టీ 3బీ రిటర్నుల హడావుడిలో, ఎప్పుడో ఫిబ్రవరిలో వచ్చిన కొనుగోలు బిల్లు కావలసి వస్తుంది. వ్యాపారి పేరులో మూడు అక్షరాలు కొడితే చాలు, బిల్లు కళ్ల ముందుకు వచ్చేది. ‘రేపు పది గంటలకు గుర్తు చెయ్యి’ అని పెడితే సరిగ్గా పదికి ఆ ఉత్తరాన్ని మళ్లీ పైకి తెచ్చేది, మా ఆఫీసు కుర్రాడికంటే నమ్మకంగా. ఇంత పని చేసి రూపాయి అడగలేదు. అడగని వాడికి గిట్టుబాటు ఎక్కడ అవుతోందో లెక్కలు రాసుకు బతికే నాకు తట్టకపోవడం మాత్రం నా తప్పే.

మొదటి రెండేళ్లు ప్రకటనలు లేవు. ఒక అప్‌డేట్ తర్వాత వచ్చాయి. అవి పక్కనో కిందనో వచ్చి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు. ఉత్తరాల వరుసలో మూడోది ఉత్తరం కాదన్నమాట. అదే ముద్ద అక్షరాలు, ఎడమవైపు అదే గుండ్రని బొమ్మ, పంపినవారి పేరు ఉండే చోట ఒక కంపెనీ పేరు. ‘ప్రకటన’ అన్న మాట ఆవగింజంత బూడిదరంగు అక్షరాల్లో ఒక మూల. కళ్లద్దాలు పెట్టుకోకుండా నొక్కి రెండుసార్లు బంగారు రుణాల వాళ్ల దగ్గరకు వెళ్లి వచ్చాను.

ఒకసారి యార్డు వ్యాపారి ఒకరు తన బ్యాంకు రుణ మంజూరు పత్రం పంపారు. ఆ వారమంతా నా పెట్టెలో వ్యాపార రుణాల ప్రకటనలే. ఇది రుజువు అనను. ఈ దేశంలో కనిపించే ప్రకటనల్లో రుణాలవి ఎప్పుడూ తక్కువ కాదు, కాకతాళీయమే కావచ్చు. అనుమానం మాత్రం ఆ రోజే విత్తు పడింది.

అది మొలకెత్తింది మా అమ్మాయి వల్ల. చదువుకోసం జర్మనీ వెళ్లింది. నేను మెచ్చుకున్న సాఫ్ట్‌వేర్ కదా అని అక్కడ కొత్త కంప్యూటర్‌లో అదే వేసుకుంది. ఆ సాయంత్రం వీడియో కాల్‌లో కెమెరా తిప్పి తెర చూపించింది.

“నాన్నా, ఇది మీకు వచ్చిందా?”

తెర నిండా ఒక నోటీసు. మేమూ మా భాగస్వాములూ మీ సమాచారాన్ని ఫలానా ఫలానా పనులకు వాడుకుంటాం, అంగీకరిస్తారా అని. కింద నీలం రంగులో పెద్ద బొత్తాం, ‘అంగీకరిస్తున్నాను’. దాని కింద గీత మాత్రమే ఉన్న సన్నటి మాట, ‘ఎంపికలు చూడండి’. అమ్మాయి ఆ సన్నటి మాట నొక్కింది. భాగస్వాముల పేర్లు మొదలయ్యాయి. వేలితో పైకి జరుపుతూనే ఉంది, జరుపుతూనే ఉంది. ఎనభై దాకా లెక్కపెట్టి వదిలేశాను. ఒక్కొక్క పేరు పక్కన ఒక్కొక్క స్విచ్. కొన్నింటికి రెండేసి: ఒకటి సమ్మతికి, రెండోది ‘న్యాయమైన ప్రయోజనం’ అన్న దానికి, అంటే మన సమ్మతి లేకుండానే వాడుకోవడానికి వాళ్లు చెప్పుకునే కారణానికి. మొదటిది ఆపి ఉంది. రెండోది ముందే వేసి ఉంది.

“రాలేదమ్మా,” అన్నాను. ఆరేళ్లలో నన్నెవరూ అడగలేదు.

ఇందులో విచిత్రం లేదు. యూరప్‌లో 2018 మే 25 నుంచి జీడీపీఆర్ అనే వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం అమల్లో ఉంది, కాబట్టి అక్కడ అడగక తప్పదు. మన దగ్గర అడగాల్సిన అవసరం అప్పటికి పడలేదు. భాగస్వాముల జాబితా ఇంత పొడవు ఉండటం నా సాఫ్ట్‌వేర్ ఒక్కదాని సంగతీ కాదు. 2024 జనవరిలో స్విట్జర్లాండ్‌కు చెందిన ప్రోటాన్ సంస్థ, మైక్రోసాఫ్ట్ వారి మెయిల్ సాఫ్ట్‌వేర్ కొత్త అవుట్‌లుక్ యూరప్ వాడకందార్లకు చూపించే నోటీసులో ఏడు వందలకు పైగా మూడో పక్షాల ప్రస్తావన ఉందని ఎత్తి చూపింది. ప్రోటాన్ కూడా మెయిల్ అమ్ముకునే సంస్థేనని గుర్తుంచుకుని చదవాలి, కానీ నోటీసు మాత్రం వాళ్లు రాసినది కాదు.

మర్నాడు నా మెయిల్ ఖాతాలో భద్రత పేజీ తెరిచాను. ఎవరెవరు ఎక్కడెక్కడి నుంచి లోపలికి వచ్చారో వరుసగా ఉంటుంది. ఆఫీసు కంప్యూటర్, గుంటూరు. ఫోను, గుంటూరు. మూడోది తెల్లవారుజామున 2 గంటల 10 నిమిషాలకు, ఐర్లాండ్ నుంచి. గుండె జారిపోయింది. వెంటనే పాస్‌వర్డ్ మార్చాను. దొంగ పడ్డాడనుకుని రెండు రోజులు అన్నం సహించలేదు. తీరా చూస్తే దొంగ కాదు. నేను పిలిచి తాళం చేతిలో పెట్టిన చుట్టమే.

ఆ సాఫ్ట్‌వేర్ నా ఫోన్‌లో కూర్చుని నా ఉత్తరాలు తెచ్చిపెడుతోందని ఇన్నాళ్లూ అనుకున్నాను. నిజానికి ఆ కంపెనీ సర్వర్ నేనిచ్చిన అనుమతితో నా ఖాతాలోకి వెళ్లి, ఉత్తరాలు తీసుకుని, తన దగ్గర ఒక నకలు ఉంచుకుని, అప్పుడు ఫోన్‌కు పంపుతోంది. మూడక్షరాలకే బిల్లు దొరికింది ఆ నకలు పుణ్యాన. సరిగ్గా పదికి గుర్తు చేసిందీ అందుకే. నేను మెచ్చుకున్న గుణాలన్నీ ఆ నకలు మీదే నడిచాయి.

అప్పుడు గోప్యతా విధానం ప్రింటు తీశాను. ముప్పై ఒక్క పేజీలు. ఆదాయపు పన్ను సర్క్యులర్లు చదివే అలవాటు ఉన్న నాకే రెండు సాయంత్రాలు పట్టింది. ఫోను గుర్తింపు సంఖ్య, ఐపీ చిరునామా, ఏ ఉత్తరం ఎప్పుడు తెరిచాం, ఏ ప్రకటన నొక్కాం, ఇవన్నీ భాగస్వాములకు వెళతాయని ఉంది. పద్దెనిమిదో పేజీలో అసలు వాక్యం: బిల్లులు, రసీదుల వంటి ‘వాణిజ్య ఉత్తరాల’ నుంచి వివరాలు తీసి, పేర్లు తొలగించి, మార్కెట్ పరిశోధనకు వాడతారట. ఇలాంటి వ్యాపారం ఎప్పటినుంచో ఉంది. అక్కర్లేని ఉత్తరాలను వదిలించే అన్‌రోల్ డాట్ మీ అనే ఉచిత సేవ వాడకందార్లకు లిఫ్ట్ అనే ట్యాక్సీ సంస్థ పంపిన రసీదుల వివరాలను, పేర్లు తీసేసి, దాని మాతృసంస్థ స్లైస్ పోటీదారు ఊబర్‌కు అమ్మిన సంగతి 2017లో బయటపడింది. 2019లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో అన్‌రోల్ సంస్థ రాజీ కుదుర్చుకోవలసి వచ్చింది. అదే 2017లో గూగుల్, ప్రకటనల కోసం జీమెయిల్ ఉత్తరాల లోపలి మాటలు చదవడం మానేస్తున్నామని ప్రకటించింది. అంటే అంతవరకూ చదివేదనే కదా.

పేర్లు తీసేస్తారు సరే. గుంటూరులో కాశ్మీరీ మిర్చి ఎవరు కొంటారు, తేజ రకం ఎవరు ఎన్ని టిక్కీలు, అంటే బస్తాలు, ఎగుమతి చేస్తారు అన్నది పేరు లేకుండా చెప్పినా యార్డులో గుమాస్తా కూడా మనిషిని పోల్చుకుంటాడు.

ఇక్కడే నన్ను కుదిపిన విషయం. రిటర్ను సరిచూశాక ఆదాయపు పన్ను శాఖ పంపే 143(1) ఇంటిమేషన్ అనే పత్రానికి తాళం ఉంటుంది. పాస్‌వర్డ్ ఏమిటంటే చిన్న అక్షరాల్లో పాన్ నంబరు, వెంటనే పుట్టిన తేదీ. మా క్లయింట్లు దాన్ని నాకు పంపుతూ, తెరవడానికి నాకు ఇబ్బంది కలగకూడదని, అదే ఉత్తరంలో పాన్ నంబరూ పుట్టిన తేదీ కూడా రాస్తారు. తాళం వేసిన పెట్టెకు తాళంచెవి కట్టి పంపడమే. ఆ ఉత్తరాలు ఆరేళ్లవి, నూటయాభై మందివి, ఐర్లాండ్‌లో ఉన్నాయి. యూరప్‌లాగా నన్ను అడిగి ఉన్నా, నేను ఆ నీలం బొత్తాం నొక్కి ఉన్నా ఏమిటి దానికి విలువ? ఉత్తరాలు వాళ్లవి, వేలు నాది. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు.

మన చట్టం చదివాక ఇంకొంచెం ఇబ్బంది పడ్డాను. 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కే అంది. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. సమ్మతి స్వేచ్ఛగా, ఫలానా పనికి అని నిర్దిష్టంగా, విషయం తెలిసి ఇచ్చినదై ఉండాలంటుంది. నోటీసు రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలు భాషల్లో దేనిలోనైనా, అంటే తెలుగులో కూడా, చూసుకునే వీలు ఇవ్వాలంటుంది. ఇవ్వడం ఎంత సులువో వెనక్కు తీసుకోవడమూ అంత సులువుగా ఉండాలంటుంది. నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి. సమ్మతి, నోటీసుల భాగం అమలుకు పద్దెనిమిది నెలల గడువు ఇచ్చారు. సొంత, ఇంటి అవసరాలకు వాడుకునే సమాచారానికి చట్టం వర్తించదు. నాది ఇంటి పని కాదు, వృత్తి. అంటే నేను ఈ కథలో మోసపోయినవాడిని అనుకుంటూ చదువుతున్నాను గానీ, చట్టం దృష్టిలో నేను కూర్చున్నది బల్లకు అటువైపు, సమాచారం సేకరించినవాళ్ల పక్కన.

వదిలించుకోవడం అనుకున్నంత తేలిక కాలేదు. ఫోన్‌లోంచి తీసేస్తే బొమ్మ పోతుంది, అనుమతి పోదు. నాలుగు ఖాతాల్లోనూ విడివిడిగా భద్రత పేజీకి వెళ్లి దాని ప్రవేశాన్ని రద్దు చేయాలి. నకలు చెరిపేయమని వేరే ఉత్తరం రాయాలి. రాశాను. మొదటి జవాబు యంత్రం ఇచ్చింది, రెండోది కూడా యంత్రమే. మూడోది మనిషి అనుకుంటాను, నేను నేనేనని రుజువుకు గుర్తింపు కార్డు పంపమన్నారు. ఇంకొంచెం సమాచారం ఇస్తే ఉన్న సమాచారం చెరిపేస్తామని. పంపలేదు. వాళ్ల దగ్గర నమోదైన చిరునామా నుంచే రాస్తున్నానని గట్టిగా రాస్తే, నలభై రోజులకు చెరిపేశామని ఒక వాక్యం వచ్చింది. నమ్మడం తప్ప చేసేది లేదు.

ఇప్పుడు ఆఫీసులో వాడుతున్నది థండర్‌బర్డ్ అనే మెయిల్ సాఫ్ట్‌వేర్. 2004 నుంచీ ఉన్నదే, ఓపెన్ సోర్స్, అంటే దాని కోడ్ ఎవరైనా చూడవచ్చు, విరాళాల మీద నడుస్తుంది. ఉత్తరాలు మెయిల్ సర్వర్ నుంచి నేరుగా నా కంప్యూటర్‌లోకి వస్తాయి. మధ్యలో ఇంకొకరి సర్వర్ లేదు. ఉత్తరాల్లోని బయటి బొమ్మలను మనం చెప్పేదాకా తెరవదు. మొదట్లో ఇదేదో చాదస్తం అనుకున్నాను. ఆ బొమ్మల్లో కొన్ని ఒక చుక్కంత కూడా ఉండవు. మనం ఉత్తరం తెరిచిన క్షణం పంపినవాళ్లకు తెలియజేయడానికే వాటిని పెడతారు. వాడకపు గణాంకాలు పంపే ఏర్పాటు దీనిలోనూ ఉంది, సెట్టింగ్స్‌లో తీసేయవచ్చు, నేను తీసేశాను. 2024 అక్టోబరు చివర ఆండ్రాయిడ్ ఫోన్లకు కూడా వచ్చింది. చేయి అలవాటు పడటానికి నాకు మూడు వారాలు పట్టింది. పది గంటలకు గుర్తు చేసే పని మళ్లీ ఆఫీసు కుర్రాడిదే అయింది.

పాత సాఫ్ట్‌వేర్‌కు ఎన్ని నక్షత్రాలు ఇవ్వాలంటే, పనితనానికి నాలుగు. మిగతాదానికి ఇచ్చే నక్షత్రం నా దగ్గర లేదు.

ఈ జూన్‌లో క్లయింట్ల కోసం ఒక తెలుగు కాగితం తయారు చేశాను. మీ దగ్గర ఏమేం తీసుకుంటాను, ఎక్కడ ఉంచుతాను, ఎప్పుడు చెరిపేస్తాను, పాస్‌వర్డ్ మెయిల్‌లో రాయకండి, ఫోన్ చేసి చెప్పండి, అని ఒక పేజీ. యార్డు వ్యాపారులు చాలామంది చదవకుండానే సంతకం పెట్టి, “మీరుండగా మాకేమిటండీ” అని వెళ్లిపోయారు. రిటైరైన లెక్కల టీచరు ఒకావిడ మాత్రం కుర్చీ జరుపుకుని, కళ్లద్దాలు తుడుచుకుని, పది నిమిషాలు చదివారు. పెన్ను తీసుకుని ఒక వరుస అడ్డంగా కొట్టేశారు. ఇంట్లో మిగతావాళ్ల ఫోన్ నంబర్లు రాసే గడి అది.

“ఇది మీకెందుకు బాబూ?”

పాత ఫారం చూసి దించేటప్పుడు వచ్చిన గడి. జవాబు తోచలేదు. కొత్తగా వేయించిన కాగితాల్లో అది లేదు.